దిల్‌సుఖ్‌నగర్‌లో సముద్రం ఎక్కడిది?

ఎల్బీ నగర్,
అక్టోబరు 28.

శ్రీమతి కుసుమకుమారి గారికి,
కుసుమ లేడీస్ హాస్టల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్.

విషయం: సముద్రంలో ఉండవలసిన ప్రభుత్వ పరికరం మీ హాస్టల్‌లో ఉండుట గురించి.

అమ్మా,

మా తీర ప్రవాహాల పరిశోధన కేంద్రం కాకినాడ దగ్గర సముద్రంలో వదిలిన నారింజ రంగు బంతి ఒకటి (గుమ్మడికాయంత ఉంటుంది, కింద తాడు తోక ఉంటుంది) ప్రస్తుతం మీ అధీనంలో ఉన్నట్లు తెలియవచ్చింది. ఆ బంతి తానెక్కడున్నదీ ఎప్పటికప్పుడు ఉపగ్రహానికి చెప్తుంది. అది మొదట దక్షిణంగా బందరు వైపు పోయింది. ఈ కాలంలో ప్రవాహం అటే. తర్వాత ఒడ్డుకు దగ్గరగా జరిగి, వెనక్కి తిరిగి, నెమ్మదిగా నరసాపురం వైపు వచ్చి, పేరుపాలెం దగ్గర ఒడ్డు చేరింది. అంతవరకు సంతోషమే. ఆ తర్వాత విజయవాడ మీదుగా హైవే ఎక్కి, గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో హైదరాబాద్ వచ్చింది. అంత వేగంగా పోయే ప్రవాహం ప్రపంచంలో ఎక్కడా లేదని మనవి.

మీ బోర్డు మీది నంబరుకు ఫోన్ చేస్తే పెట్టేసినారు. స్వయంగా వస్తే, గేటు దగ్గరున్న కిష్టమ్మ గారు నన్ను పై నుంచి కింది దాకా చూసి "మంచాలు ఖాళీ లేవు" అని గేటు వేసేసినారు. కావున ఆ బంతిని వెంటనే అప్పగించగలరు. లేనియెడల దాన్ని అనధికారికంగా తీసినవారిపై చర్య తీసుకొనబడును.

ఇట్లు,
సింధు, పరిశోధకురాలు.

తా.క.: బంతి సూర్యాపేట దగ్గర చాలాసేపు కదల్లేదు. మా డైరెక్టర్ గారు స్క్రీన్ చూసి, అక్కడేమైనా సుడిగుండం ఉందా అని అడిగినారు. బస్సు టీకి ఆగిందని చెప్పలేక తల ఊపిన.


చైతన్యపురి,
అక్టోబరు 31.

సింధు గారికి,

ఇక్కడ మేం క్షేమం. అక్కడ మీరు కూడా క్షేమంగా ఉండాలంటే ఈ ఉత్తరం చివరిదాకా చదవండి.

మీ ఫోను వచ్చిన మాట నిజమేనండి. "అమ్మా, మీ పార్సిల్‌లో ప్రభుత్వ వస్తువు ఉంది, మీ లొకేషన్ మాకు తెలుసు" అన్నారు. మా ఎదురు మేడ సూర్యప్రభ గారికీ అచ్చం ఇలాగే ఫోనొచ్చింది. ఆవిణ్ణి వీడియో కాల్ ముందు కదలకుండా కూర్చోబెట్టి బ్యాంకు ఖాతా ఊడ్చేశారు. అందుకే మీ నంబరు బ్లాక్ చేశాను. ఇకమీదట ఏం చెప్పినా కాగితం మీద సంతకం పెట్టి చెప్పండి. మోసగాళ్ళు పోస్టాఫీసు దాకా నడవరు.

"తీసినవారిపై చర్య" అన్నారు. ఎవరండీ తీసింది? మా అన్నయ్య బాపిరాజుకి పేరుపాలెం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. పొద్దున్నే ఒడ్డు మీద నడుస్తుంటే సముద్రమే ఆ బంతిని తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. దాని మీద హైదరాబాద్ అడ్రసు చూసి, పాపం ప్రభుత్వం వెతుక్కుంటోందేమోనని, ఎండు రొయ్యల బస్తాలో భద్రంగా కట్టి నా పేరున బస్సుకి వేశాడు. "వాళ్ళొస్తే ఇచ్చెయ్యి చెల్లాయ్" అన్నాడు. దానికి మీరిచ్చే మర్యాద ఇదా? మా అన్నయ్యని దొంగ అన్న మనిషి నరసాపురంలో ఇంతవరకూ పుట్టలేదండి. మీ ఆఫీసు ఆయనకి క్షమాపణ చెప్తూ కాగితం ఇస్తేనే బంతి గేటు దాటుతుంది.

ఇంకో మాట. నా హాస్టల్ నిండా ఆడపిల్లలు. గ్రూప్స్‌కీ, బ్యాంకు పరీక్షలకీ చదువుకునేవాళ్ళు. మేడ మీద తలారబోసుకుంటారు. మీరేమో ఆకాశంలోంచి చూస్తూ కూర్చుంటారా? మేడంతా దుప్పట్లు కట్టించేశాను. ఇప్పుడు చూసుకోండి.

ఇట్లు,
బాపిరాజు గారి చెల్లెలు కుసుమకుమారి.

తా.క.: ఎల్బీ నగర్‌లో సముద్రం ఆఫీసేవిటండి? అసలు మీరు సముద్రం చూశారా?

ఇంకో తా.క.: కిష్టమ్మ మీకు ఇలా రాయమంది: "మంచాలు నిజంగనే లేకుండె. గా పిల్ల ఎండల నిలబడి చెమటలు తుడుసుకుంటుంటే రూము కోసమే ఒచ్చిందనుకున్న. సముద్రం కోసం చైతన్యపురి ఎవరొస్తరు?"


ఎల్బీ నగర్,
నవంబరు 4.

కుసుమకుమారి గారికి,

ముందుగాల ఆ దుప్పట్లు తీసెయ్యండి, పిల్లలకు ఎండ తగలనియ్యండి. మా ఉపగ్రహానికి మనుషులు కనపడరు. అది పైనుంచి సముద్రం మీదికి ఒక సంకేతం పంపుతుంది, అది తాకి తిరిగొచ్చే సమయాన్ని బట్టి నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నయో కొలుస్తుంది. అంతే. సముద్రం బల్లపరుపుగా ఉండదండి. ఒక చోట జానెడు ఉబ్బి ఉంటుంది, ఇంకో చోట జానెడు కుంగి ఉంటుంది. ఆ ఎత్తుపల్లాల లెక్క కడితే ప్రవాహం ఎటు పోతుందో తెలుస్తుంది. దారి తప్పిన పడవ ఎటు కొట్టుకుపోయిందో, చమురు ఒలికితే ఏ ఊరి ఒడ్డుకు చేరుతుందో చెప్పాలంటే ఆ లెక్క కావాలి.

ఒడ్డు పక్కకు వచ్చేసరికి నేలా నీరూ కలిసి కొలత పాడవుతుంది. ఒడ్డు పక్కనున్న ఆ పట్టీని లెక్కలోంచి వదిలెయ్యమంటారు మా డైరెక్టర్ గారు. నేను వదలలేదు. మూడేండ్ల నుంచి ఆ పాడైన కొలతలనే ఏరి, కడిగి, బాగు చేస్తున్న. నడిసముద్రం దక్షిణంగా పోయేటప్పుడు ఒడ్డెంబడి సన్నటి పాయ ఒకటి వెనక్కి, ఉత్తరంగా పోతుందని నా లెక్కల్లో తేలింది. ఎవరూ నమ్మలేదు. సరిగ్గా ఆ పాయలో పడి వెనక్కి వచ్చింది మీ దగ్గరున్న బంతి. నాకు సాక్షి అదొక్కటే.

డైరెక్టర్ గారేమో, "ఏ జాలరో పడవలో వేసుకుని తిరిగుంటాడు, అది ప్రవాహం కాదు" అంటున్నారు. కానీ బంతిలో తడి చూసే సెన్సార్ ఉంది. నీళ్ళలో ఉంటే తడి అని, బయట ఉంటే పొడి అని చెప్తుంది. బందరు నుంచి పేరుపాలెం దాకా అది తడి అనే చెప్పింది. పడవలో ఉంటే పొడి అనాలె కదా, బస్సులో అన్నట్టే! ఆ మాటంటే ఆయన నవ్వినారు. "ఇప్పుడు కూడా తడి అనే అంటోంది చూడమ్మా, దిల్‌సుఖ్‌నగర్‌లో సముద్రం ఎక్కడిది? సెన్సార్ చెడిపోయింది" అన్నారు.

కాబట్టి నిజం చెప్పండి. మీరు దాన్ని నీళ్ళలో పెట్టినారా? ఏ నీళ్ళలో? తాగే నీళ్ళ దగ్గర మాత్రం పెట్టకండి, దానికి నాచు, పిట్టల రెట్ట అంటుకుని ఉంటాయి.

క్షమాపణ కాగితానికి డైరెక్టర్ గారు ఒప్పుకోలేదు. నేను అడిగిన, రెండుసార్లు.

ఇట్లు,
సింధు.

తా.క.: సముద్రం సంగతి అడిగినారు. సముద్రం గురించి నాకు తెలిసినంత మీ నరసాపురంలో ఎవరికీ తెలియదు.


చైతన్యపురి,
నవంబరు 7.

సింధు గారికి,

నీళ్ళా? ఏ నీళ్ళండి? ఎక్కడి నీళ్ళు?

మీ బంతి మా దేవుడి గదిలో, పీట మీద, నా పట్టుచీర ముక్క చుట్టుకుని మహారాణిలా కూర్చుంది. వచ్చిన రోజు నుంచీ దానికి ఒక్క చుక్క నీరు తగల్లేదు. ఇది నేను ఒంటి మీద స్పృహ ఉండి రాస్తున్న మాట. కింద సంతకం పెట్టి హాస్టల్ స్టాంపు కూడా వేశాను. మీరడిగినా, మీ డైరెక్టరు గారడిగినా, ఆరోగ్య శాఖ వాళ్ళొచ్చి అడిగినా నా నోట ఇదే మాట వస్తుంది.

ఈ వీధిలో ఎన్ని హాస్టళ్ళున్నాయో మీకు తెలుసా? నా గేటు ముందే నిలబడి నా పిల్లలకి పాంప్లెట్లు పంచుతారు. ఒక్క పుకారు పుడితే చాలు, సాయంత్రానికల్లా సూట్‌కేసులు మెట్లు దిగుతాయి. మా వారు పోయాక ఈ హాస్టల్ని నేనొక్కదాన్నే నిలబెట్టుకున్నానండి. "రెట్ట" లాంటి మాటలు ఇకమీద ఉత్తరాల్లో రాయకండి.

క్షమాపణ మాట మాత్రం అలాగే ఉంది. నేను తగ్గను.

ఇట్లు,
కుసుమకుమారి (స్టాంపు పక్కనే ఉంది, చూసుకోండి).

తా.క.: ఈ మధ్య పిల్లలు తాగడానికి బయటినుంచి క్యాన్లు తెప్పిస్తున్నాను. దీనికీ మీ బంతికీ ఏమీ సంబంధం లేదు.

ఇంకో తా.క.: సముద్రం చూశారా అని అడిగానండి. తెలుసా అని అడగలేదు.


ఎల్బీ నగర్,
నవంబరు 12.

కుసుమకుమారి గారూ,

మీ ఉత్తరం, మీ స్టాంపుతో సహా, డైరెక్టర్ సార్ టేబుల్ మీదికి పోయింది. ఆయన సంబురం చూడాలె! "పొడి పీట మీదున్న బంతి తడి అంటుందంటే ఇంక చెప్పేదేముంది? సెన్సార్ చెడింది, నీ పాయ ఉత్తదే" అన్నడు. ఇంగ నేను ఆఫీసు భాష రాయ. నాకు ఒళ్ళు మండుతుంది.

వచ్చే శుక్రవారం కమిటీ ఉంది. ఒడ్డెంబడి పట్టీని మ్యాపుల తెల్లగ వదిలేసి రిపోర్టు ఇయ్యాలంట. తెల్లగ అంటే అర్థమేందో తెలుసా? అక్కడేం జరుగుతదో మాకు తెల్వది అని. అగో, మనుషులు బతికేది గా ఒడ్డు మీదనే కదా! పడవలు పోయేది గక్కడ, పిల్లలు స్నానాలు చేసేది గక్కడ, మీ అన్న రొయ్యల చెరువులు గక్కడ. ఎవ్వరూ లేని నడిసముద్రం సంగతి మాత్రం మాకు మస్తుగ తెలుసని చెప్పాల్నా? నేను చెప్ప. నౌకరీ పోతే పోనీ, గా పట్టీని చెరప. కమిటీ ముందట నిలబడి ఉన్నది ఉన్నట్టే చెప్త, నవ్వేటోళ్ళు నవ్వుకోనీ.

మీరు బంతి ఇయ్యకున్నా ఫరవాలేదు. మీ పీట మీదనే ఉంచుకోండి. ఇప్పుడు దానితోని నాకు పనిలేదు.

ఒక్కటి మాత్రం బాకీ ఉంచ. ఆఫీసు చెప్పకపోతే ఏంది, నేను చెప్త. బాపిరాజు గారూ, నన్ను మాఫ్ చెయ్యండి. మీరు తీయలేదు. సముద్రమే తెచ్చి మీ కాళ్ళ కాడ పెట్టింది. నేను కొట్లాడేది కూడ గా మాట కోసమే.

ఇట్లు,
సింధు.

తా.క.: స్లాబు కింద దేవుడి గదిలకెళ్ళి సిగ్నల్ గంత సాఫ్‌గ ఎట్ల వస్తుందో నాకు సమజ్ కాలె. దేవుడి దయ అనకండి.

ఇంకో తా.క.: మొన్న ఆదివారం బంతి కొంచెంసేపు "పొడి" అన్నది, మళ్ళ "తడి" అన్నది. "చూశినవా, పిచ్చి లేసింది దానికి" అన్నడు సార్.


చైతన్యపురి,
నవంబరు 16.

అమ్మాయ్ సింధూ,

ఇంక గారూ గీరూ నావల్ల కాదు. నువ్వు మా అన్నయ్యకి రాసిన నాలుగు ముక్కలూ ఫోన్‌లో చదివి వినిపించాను. ఏడుస్తున్నాడని నాకు తెలుసు, రొయ్యలకి మేత వేస్తున్నానని బొంకాడు.

ఇప్పుడు విను. బంతి ట్యాంకులో ఉంది. మేడ మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో, నీళ్ళలో, వచ్చిన రోజు నుంచీ. అయితే ఏంటంట? దాని మీద మీరే తెలుగులో రాశారు కదా, "దొరికినవారు దయచేసి నీటిలోనే ఉంచండి" అని! ప్రభుత్వం ఉంచమంది, ఉంచాను. సముద్రం తీసుకురమ్మంటే చైతన్యపురిలో నేనెక్కణ్ణించి తెస్తాను? నాకున్నది ట్యాంకు. వేసేముందు కిష్టమ్మ చేత చింతపండుతో తోమించి, బొట్టు కూడా పెట్టించాను. నువ్వు రెట్ట అని రాసేసరికి గుండెల్లో రాయి పడింది, పీట అని రాసేశాను. ఆ అబద్ధం పోయి నీ మెడకి చుట్టుకుంటుందని నాకేం తెలుసు?

ఆదివారం సంగతి అడిగావు. ఆదివారం ట్యాంకు కడిగించాం. కడిగినంతసేపూ నీ బంతి పిట్టగోడ మీద ఎండకి కూర్చుంది. అది పొడి అనక ఏమంటుంది? దానికేం పిచ్చి లేదు. పిచ్చి ఎవరికో నేను చెప్పను, పెద్దాయన.

నిన్న రాత్రి మెస్సులో పిల్లలందరికీ నేనే చెప్పేశాను. పోయేవాళ్ళు పోతారులే అని గట్టిగా ఊపిరి పీల్చుకుని మరీ చెప్పాను. ఇద్దరు మొహం చిట్లించారు. మిగతావాళ్ళు నీ గురించి అడిగారు. నీ ఉత్తరం చదివాను. చదవడం అయ్యేసరికి ఆ చిట్లించినవాళ్ళే, "ఆంటీ, ఆ సార్‌ని ఇక్కడికి రమ్మనండి" అని లేచారు.

కాబట్టి రమ్మను. తియ్యమంటే తీస్తాం, ముంచమంటే ముంచుతాం. నీ నంబరు బ్లాక్‌లోంచి తీశాను కానీ, ఇది మాత్రం కాగితం మీదే ఉండాలని రాస్తున్నాను. సంతకం నాదే. స్టాంపు కూడా వేశాను, ఈసారి నిజానికి.

ఇట్లు,
నీ కుసుమ ఆంటీ.

తా.క.: కిష్టమ్మ ఈ ఉత్తరం మెట్రోలో తెచ్చి నీ చేతికే ఇస్తుంది. దానికి ఒక టీ ఇప్పించు. తొందరపెట్టి పంపెయ్యకు, కాసేపు కూర్చోబెట్టి మాట్లాడు.


ఎల్బీ నగర్,
నవంబరు 18.

ఆంటీ,

మీ ఉత్తరం చదివి బాత్రూమ్‌ల తలుపేసుకుని ఎగిరిన. ఆదివారం లెక్క చూసిన. మీరు ట్యాంకు కడిగిన టైమూ, బంతి పొడి అన్న టైమూ ఒక్కటే!

డైరెక్టర్ సార్ ఊకుంటడా? "అట్లాంటివి ఒక్కోసారి కలిసొస్తాయి" అన్నడు. శుక్రవారం ఆయనే మీ దగ్గరికి వచ్చి, తన ఇష్టమొచ్చినప్పుడు తీయిస్తడట, ముంచిపిస్తడట. నేను ఇక్కడ కమిటీ ముందట స్క్రీన్ చూసుకుంట ఏది కనపడితే అది ఫోన్‌ల చెప్పాలె. బంతి వెంటవెంటనే మాట్లాడేటట్టు సెట్టింగ్ మార్చిన. ఒక్కటి తప్పినా అంతా ఖతం.

భయమైతుంది. అయినా రమ్మన్న.

ఇట్లు,
మీ సింధు.

తా.క.: ఆయనకు కోపం ముక్కు మీదనే ఉంటది. జర మర్యాదగ లోపలికి పిలిచి కూసోబెట్టండి.


చైతన్యపురి,
నవంబరు 20, శుక్రవారం మధ్యాహ్నం.

చిరంజీవి సింధుకి,

నీకు స్క్రీన్ మీద తడి, పొడి అనే కనపడి ఉంటుంది. ఇక్కడ ఏం జరిగిందో నేను చెప్తాను.

మీ సారు కారు దిగి గేటు తోశారు. కిష్టమ్మ అడ్డం నిలబడింది. "మొగోళ్ళకు లోపలికి లేదు సార్, బోర్డు సదువుకోండ్రి." నేను డైరెక్టర్‌ని అన్నారాయన. "పిల్లల నాయినలే గేటు కాడ నిలబడ్తరు సార్. మీరెంత?" మర్యాద చెయ్యమన్నావు కదా, కుర్చీ బయటికే పంపించాను. రోడ్డవతల మిర్చి బజ్జీల బండి పక్కన వేయించుకుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నారు.

చెయ్యి పైకెత్తితే తియ్యాలి, దించితే ముంచాలి. ట్యాంకు మీద కిష్టమ్మ, మేడ చుట్టూ నా పిల్లలు. ఆయన చెయ్యెత్తగానే "తీశాం సార్!" అని వీధి దద్దరిల్లేలా అరిచేవాళ్ళు. "పొడి" అని ఫోన్‌లో నీ గొంతు. దించితే "ముంచాం సార్!" మళ్ళీ నువ్వు "తడి". షేర్ ఆటోలు ఆగిపోయాయి. బజ్జీలవాడు స్టవ్వు కట్టేసి చూస్తున్నాడు. ఆయన ఊరికే తల గోక్కున్నా పిల్లలు తీసేశారు, నువ్వు పొడి అన్నావు. ఒక్కటీ తప్పలేదు.

అప్పుడొచ్చింది ప్రాణసంకటం. ఆయన చెయ్యి దించారు. పిల్లలు "ముంచాం సార్!" అన్నారు. నువ్వేమో "పొడి" అన్నావు. ఆయన కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతారు. "చెప్పానా! చెడిపోయిందని చెప్పానా!" మళ్ళీ అడిగితే మళ్ళీ పొడి అన్నావు. మాట మార్చలేదు. స్క్రీన్ మీద ఏముందో అదే చెప్పావు. ఆ ఒక్కదానికే నిన్ను నెత్తిన పెట్టుకోవాలి.

అంతలో ట్యాంకులోకి తొంగిచూసి కిష్టమ్మ కేకేసింది. "ట్యాంకుల నీళ్ళే లేవమ్మా! అడుగున పడ్డది బంతి!" పొద్దున్నించీ ఈ గొడవలో మోటారు వెయ్యడమే మర్చిపోయాం. కింద పిల్లలేమో స్నానాలు చేస్తూనే ఉన్నారు. ట్యాంకు ఖాళీ అయిన సంగతి మాకెవ్వరికీ తెలీదు, నీ బంతికి తెలిసింది! మోటారు వేశాం. నీళ్ళెక్కాయి. ఫోన్‌లో నువ్వు "తడి" అన్నావు. మేడ మీద ఒకటే ఈలలు.

మీ సారు కుర్చీలో కూలబడ్డారు. "ఆ అమ్మాయి చెప్పిందే నిజం" అని గొణిగారు. నాకు కాదండి, గట్టిగా ఆ పిల్లకే చెప్పండి అన్నాను. నీకు ఫోన్‌లో చెప్పారు, నువ్వు విన్నావు. తర్వాత మా అన్నయ్యకి వీడియో కాల్ కలిపి ఎదురుగా పెట్టాను. "మీరు తీయలేదండి, సముద్రమే పెట్టింది" అని బజ్జీల బండి సాక్షిగా చెప్పారు. అన్నయ్య ఈసారి రొయ్యలకి మేత వేస్తున్నానని అనలేదు.

పోతూ పోతూ బంతి అడిగారు. ఇవ్వలేదు. నీటిలోనే ఉంచండి అని మీరే రాశారు కదండీ అన్నాను. అది ఆఫీసు బల్ల మీదికి పోవడానికి వీల్లేదు, వచ్చిన చోటికే పోవాలి. కార్తీక పౌర్ణమికి పేరుపాలెం వెళ్ళి, దీపాలతో పాటు దాన్నీ వదులుతాను. నీ పాయ సంగతి అది ఇంకోసారి చెప్పుకుంటూ పోతుంది.

ఇట్లు,
నీ ఆంటీ.

తా.క.: కిష్టమ్మకి టీ ఇప్పించమని ఎందుకు రాశాననుకున్నావ్? నేనెన్నిసార్లడిగినా చెప్పని మాట టీ దగ్గర దానికి చెప్పావట. "సముద్రం గా పిల్ల కంప్యూటర్‌ల తప్ప సూడలేదమ్మా. ఓడ మీదికి మొగపిల్లలనే పంపుతరట" అని వచ్చి కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళూ చూడని సముద్రం కోసం అంతలా కొట్లాడావా తల్లీ! పౌర్ణమి ముందు రోజు రాత్రి బస్సుకి నీకూ టికెట్ తీశాను. ఎల్బీ నగర్‌లో ఎక్కు. నీ పక్క సీటు కిష్టమ్మది, అదీ చూడలేదట. బంతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చో, నీటిలోకి నీ చేత్తోనే వదలాలి.

ఇంకో తా.క.: బస్సు సూర్యాపేటలో ఆగుతుంది. సుడిగుండం కాదని మీ సారుకి ముందే చెప్పి రా.